మా వీధిలో మొదటి కారు

(ఉడుమలైపేటలో జరిగిన మన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మలరులో వేయడానికి ఏదైనా పాత జ్ఞాపకం చెప్పండి అని నిర్వాహకులు అడిగినారు. మగ్గం గురించి చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. మాకంటే బాగా నేసేవాళ్ళు, బాగా చెప్పేవాళ్ళు ఉన్నారు. అందుకని మేము అన్నదమ్ములం ముగ్గురం కూర్చుని ఆలోచించుకుని, మా ఇంటికి వచ్చిన మొదటి కారు గురించి చెబుదామని అనుకున్నాము. నేతవాళ్ళ సభలో కారు మాట ఏమిటి అని నవ్వుకోకండి. ఇది చివరికి మగ్గం దగ్గరికే వస్తుంది.

ముందుగా ఒక పెద్దాయన మాట చెప్పుకోవాలి. మన పిల్లలకు తెలియకపోవచ్చు. కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు, మన మాదిరే ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబంలో పెరిగినవాడు. చిన్న వయసులో ఒక తెల్లదొర మోటారు సైకిలు చూసి, అది కొనాలని కోయంబత్తూరు పోయి హోటల్లో పని చేసి డబ్బు కూడబెట్టినాడు. కొన్న తర్వాత ఎక్కి తిరిగినాడా అంటే లేదు, విప్పి, మళ్ళీ బిగించి, అది ఎట్ల నడుస్తుందో నేర్చుకున్నాడు. ఆ తర్వాత పత్తి వ్యాపారం చేసి నష్టపోయినాడు. పత్తిలో నష్టమంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అంతటితో కూలబడిపోకుండా, స్టేన్స్ దొర చేయూతతో ఒక బస్సు తీసుకుని, 1920లో పొల్లాచ్చికి, పళనికి మధ్య తానే తోలినాడు. తర్వాత అది యు.ఎం.ఎస్. అనే పేరుతో వందల బస్సులు తిప్పిన కంపెనీ అయింది.

పొల్లాచ్చి నుంచి పళనికి పోవాలంటే ఎక్కడ దాటాలి? మన ఉడుమలైపేటే కదా! ఆ రోడ్డు పక్కన ఉన్న ఊరు మనది. మా తాత చీరల మూట నెత్తిన పెట్టుకుని పొల్లాచ్చి సంతకు నడిచిన రోడ్డు అదే. బస్సు వచ్చినాక కూడా ఆయన నడిచే పోయేవాడంట. టికెట్టు డబ్బు మిగిలితే రెండు చిలపల నూలు వస్తుందని లెక్క. మా అవ్వ చెప్పేది, "మీ తాతకు బస్సు దుమ్ము తెలుసు గాని బస్సు సీటు తెలియదు" అని.

తాత నడిచినాడు. నాయన సైకిలు కొన్నాడు. ఆ సైకిలు వెనక నూలు బండిళ్ళు, ముందర మాలో ఒకడు, మధ్యలో నాయన, అట్ల మేము పెరిగినాము. తర్వాత పెద్దన్న టీవీఎస్ 50 కొన్నాడు. మీలో సగంమంది ఇండ్లలో ఇదే వరస ఉంటుంది. నెత్తి మూట, సైకిలు, టీవీఎస్. ఆ పై మెట్టు ఎక్కాలని 1995లో మాకు బుద్ధి పుట్టింది.

అప్పటికి ఊళ్ళో కార్లు లేవని కాదు. డాక్టర్లకు, మిల్లు వాళ్ళకు, పెద్ద భూములున్న వాళ్ళకు ఉండె. 1983 డిసెంబరులో ఢిల్లీలో మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ ఇచ్చినప్పటి ఫోటో పేపర్లో చూసినాము. ఆ తర్వాత పదేండ్లకు మారుతి మన ఊరి రోడ్ల మీద కూడా కనిపించసాగింది. గాని నేతవాళ్ళ వీధిలో మాత్రం కారు లేదు. పెండ్లికి బాడుగ కారు వస్తే, పిల్లలందరం దాని చుట్టూ తిరిగి అద్దంలో మొగం చూసుకునేవాళ్ళం.

అప్పుడు మేము ముగ్గురం కలిసే ఉన్నాము. ఇంట్లో నాలుగు మగ్గాలు. పెద్దన్న నూలు తెచ్చి చుట్టుపక్కల పది ఇండ్లకు ఇచ్చి, చీరలు తీసుకుని కోయంబత్తూరులో అంగళ్ళకు వేసేవాడు. బస్సులో మూటలతో ఎక్కితే కండక్టర్లతో రోజూ తగాదా. ఒకసారి వానలో బస్సు పైన వేసిన మూట తడిసి పదకొండు చీరలు రంగు దిగిపోయినాయి. ఆ రోజు రాత్రి పెద్దన్న అన్నం తినకుండా కూర్చుని, "ఇంక కారు తీస్తాము" అన్నాడు.

నాయన ఒప్పుకోలేదు. "ఆ డబ్బుతో రెండు మగ్గాలు వేయవచ్చు. మగ్గం అన్నం పెడుతుంది. కారు అన్నం తింటుంది" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కూడా లేదు. అయినా మేము చీటీ ఎత్తినాము. అమ్మ తన రెండు పేటల గొలుసు తీసి ఇచ్చింది. నాయన చూస్తుండగానే ఇచ్చింది. ఆయన ఏమీ అనలేదు, లేచి మగ్గం గుంటలోకి దిగి నేయడం మొదలుపెట్టినాడు. ఆ రాత్రి చాలాసేపు నాడె చప్పుడు వినిపించింది.

కోయంబత్తూరులో ఒక బ్రోకరు ద్వారా 1978 నాటి అంబాసిడరు, మార్క్ 3, నలభై ఎనిమిది వేలకు కొన్నాము. తెల్ల రంగు. తెల్ల రంగని బ్రోకరు చెప్పినాడు, మాకు గంజి రంగు మాదిరి కనిపించింది. ఎడమ పక్క వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకునేది కాదు. హారను తప్ప అన్నీ చప్పుడు చేసేవి. అయినా కిణత్తుకడవు, పొల్లాచ్చి, గోమంగళం దాటుకుని ఊరికి వస్తుంటే మాకు రథం మీద వస్తున్నట్టే ఉండె. మారియమ్మన్ గుడి ముందర నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించి, వీధిలోకి తిప్పినాము. వీధి అంతా బయటికి వచ్చింది. నాయన మాత్రం మగ్గం దిగలేదు.

ఆ సంవత్సరం ఆయుధపూజ నాడు ఇంట్లో చిన్న గొడవ. పిల్లలు కారు కడిగి, చందనం పూసి, అరటి పిలకలు కట్టి, పూజ సామాను అంతా వాకిట్లో కారు ముందర పెట్టినారు. నాయన వచ్చి, మాట్లాడకుండా పళ్ళెం ఎత్తి లోపలికి తీసుకుపోయి, మొదటి బొట్టు మగ్గానికి పెట్టినాడు. తర్వాత అచ్చుకు, నాడెకు, అవ్వ రాట్నానికి. చివరికి వాకిట్లోకి వచ్చి, కారు మీద ఒక బొట్టు పెట్టి, "నువ్వు చిన్న కోడలివి, నీ వరస వెనక" అన్నాడు. అందరం నవ్వినాము. ఆయన కారుతో మాట్లాడిన మొదటి మాట అదే. గాని ఎక్కలేదు.

తైపూసానికి పళని పోదామని బయలుదేరినాము. అంబాసిడరులో పదకొండు మందిమి. నాయనను పిలిస్తే, "నాకు రైలు ఉంది" అని సంచి తీసుకుని స్టేషనుకు పోయినాడు. అప్పుడు మన ఊరి మీద మీటర్ గేజి రైలు, నెమ్మదిగా పోయేది. మేము ముందరే చేరి ఆయనకు ఎదురు నిలబడాలని పందెం. మడత్తుకుళం దాటగానే ముందర నుంచి పొగ. దిగి చూస్తే రేడియేటరు రబ్బరు గొట్టం చీలి, నీళ్ళన్నీ రోడ్డు మీద. కావడి భక్తులు మమ్మల్ని దాటి నడిచిపోతున్నారు. ఏమి చేయాలో తెలియక నిలబడితే, అమ్మ తన సంచిలో ఉన్న నూలు కండె తీసి ఇచ్చింది. తడిపిన గుడ్డపేలిక చుట్టి, దాని మీద నూలు గట్టిగా నలభై చుట్లు చుట్టి, నీళ్ళు పోసుకుని మెల్లగా పళని చేరినాము. అడివారంలో నాయన టీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. "రైలు రెండు గంటల క్రితం వచ్చింది" అన్నాడు. గొట్టం మీద చుట్టిన నూలు చూసి మాత్రం చేత్తో తడిమి, "కట్టు బాగుంది" అన్నాడు. మెకానిక్కు కొత్త గొట్టం వేసినప్పుడు ఆ నూలు కట్టు చూసి, ఇది ఎవరు కట్టినారని అడిగినాడు. అమ్మ అని చెబితే నమ్మలేదు.

ఇంక అసలు సంగతికి వస్తాము.

ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. అప్పుడు మన వీధుల్లో పొద్దున్నే పడుగు సాచేవాళ్ళు. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా కర్రలు నిలబెట్టి, వాటి మీద పడుగు పరచి, గంజి పట్టించి, ఇద్దరు ముగ్గురు పక్కపక్కనే నడుస్తూ కుంచెతో దువ్వుతూ పోతారు. పోగు పోగుకు అంటుకోకుండా ఆరాలి. ఎండ ముదిరితే పోగు పెళుసు అవుతుంది, అందుకని తెల్లవారకముందే మొదలుపెడతారు. ఎనిమిది చీరల పడుగు అంటే ఒక ఇంటి నెల తిండి. అది వీధిలో ఉన్నంతసేపు సైకిలు కూడా దిగి, పక్కన ఒదిగి తోసుకుని పోవాలి. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, వీధి నియమం.

కారు వచ్చిన నాడే నాయన మాకు ఒక మాట చెప్పినాడు. "పడుగు వీధిలో ఉంటే బండి కదలకూడదు. అది ఎంత అవసరమైనా సరే." అందుకు పెద్దన్న ఎన్నోసార్లు కోయంబత్తూరుకు ఆలస్యంగా పోయి అంగడివాళ్ళ చేత మాటలు పడినాడు. గాని నియమం తప్పలేదు.

1996 మార్గళి నెల. పొద్దున ఐదున్నర ఉంటుంది. ఎదురింటి అత్త పడుగు వీధిలో సాచి ఉంది. ఆమె భర్త పోయి నాలుగేండ్లు, ఇద్దరు ఆడపిల్లలతో ఒక్క మగ్గం మీద బతుకుతున్నది. గంజి పట్టించడం సగం అయింది. అప్పుడు మా ఇంట్లో నాయనకు ఎదలో నొప్పి. ఒళ్ళంతా చెమట. మాట రావడం లేదు. ఆ రోజుల్లో 108 లేదు. మన తమిళనాడుకు ఆ బండి వచ్చింది 2008లో. ఆటో పిలవాలంటే స్టాండు దాకా పోవాలి. కారు వాకిట్లో ఉంది. వీధికి అడ్డంగా పడుగు ఉంది.

మేము నాయనను ఎత్తుకుని బయటికి వచ్చినాము. మొదటిసారి ఆయన కారు ఎక్కింది అట్ల, మా చేతుల మీద. వెనక సీట్లో పడుకోబెడితే, కళ్ళు తెరిచి వీధి చూసి, చెయ్యి ఎత్తి వద్దు వద్దు అని సైగ చేసినాడు. పడుగు మీదుగా పోవద్దని. ఊపిరి ఆడని మనిషి ఆ మాట చెబుతుంటే పెద్దన్నకు తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు.

ఎదురింటి అత్త చూసింది. కుంచె కింద పెట్టింది. "ఏమి నిలబడినారు? తీయండిరా కర్రలు!" అని కేక వేసింది. అంబాసిడరు కింద నుంచి దాటేంత ఎత్తుకు పడుగు లేపడం ఎవరి వల్లా కాదు. అందుకని ఆమే ముందర పోయి ఒక కొస విప్పింది. కుంచె వేస్తున్న వాళ్ళు, ఇండ్లలో నుంచి పరిగెత్తి వచ్చిన వాళ్ళు, కర్రలు పీకి పడుగును గోడ పక్కకు లాగినారు. తడి పడుగు మట్టిలో పడింది. పోగులు తెగుతున్న చప్పుడు మాకు కారులో వినిపించింది. "అత్తా..." అని మాలో ఒకడు ఏదో అనబోతే, "పోండిరా, పోగు తెగితే ముడి వేసుకుంటాను. మనిషికి ముడి వేయగలమా?" అన్నది.

మన ఊరి ఆసుపత్రిలో చూసి, సూది వేసి, కోయంబత్తూరు తీసుకుపొమ్మన్నారు. డెబ్బై కిలోమీటర్లు. రోజూ ఎక్కడో ఒక చోట నిలిచే బండి ఆ రోజు ఎక్కడా నిలవలేదు. ఇంకొక గంట ఆలస్యమైతే కష్టమయ్యేది అని అక్కడి డాక్టరు చెప్పినాడు.

పన్నెండు రోజుల తర్వాత నాయన ఇంటికి వచ్చినాడు. కారు దిగి, లోపలికి కూడా రాకుండా అడిగిన మొదటి మాట, "ఆ పడుగు ఏమైంది?"

ఏమైందంటే, ఆ రోజు మధ్యాహ్నమే వీధిలో ఆడవాళ్ళందరూ తమ మగ్గాలు ఆపి అత్త ఇంట్లో కూర్చున్నారు. మట్టి దులిపి, తెగిన పోగులు ఒక్కొక్కటి ఏరి ముడి వేసినారు. రెండు రోజులు పట్టిందంట. ఎంత చేసినా మూడోవంతు పనికిరాకుండా పోయింది. ఎనిమిది చీరల్లో ఐదే వచ్చినాయి. మేము డబ్బు తీసుకుపోతే అత్త తలుపు దగ్గరే ఆపి, "నా తమ్ముడి ప్రాణానికి రేటు కడతారా?" అన్నది. మేము తల వంచుకుని తిరిగి వచ్చినాము.

నాయన విని కొంతసేపు ఊరుకుని, "డబ్బు ఇస్తే ఆమె ఎట్ల తీసుకుంటుంది? పోయింది నూలు. నూలే ఇవ్వాలి" అన్నాడు. బరువు ఎత్తకూడదని డాక్టరు చెప్పినాడు కాబట్టి మా చేత నూలు మోయించి, తాను కట్టె ఊతంతో వెనక నడిచి, ఎదురింటి తిన్నె మీద కూర్చుని, "అక్కా, ఇది అప్పు కాదు, ధర్మం కాదు. వీధిలో తెగిన పోగు వీధిలోనే అతకాలి" అన్నాడు. ఆమె నూలు తీసుకున్నది. ఆ పడుగు సాచిన నాడు తెల్లవారుజామున మేము ముగ్గురం కుంచె పట్టుకున్నాము. నాయన తిన్నె మీద కూర్చుని మా తప్పులు చెప్పినాడు.

ఆ తర్వాత నాయన ఒక పని చేసినాడు. కారు తాళం చెవిని ఇంట్లో అలమారు నుంచి తీసి, వాకిలి గడప పక్కన మేకుకు తగిలించినాడు. "రాత్రి ఎవరు వచ్చి అడిగినా, ఏ ఇంటివాళ్ళని అడగకుండా లేచి తోలండి" అన్నాడు. కాన్పులకు, పాము కాటుకు, జ్వరాలకు, ఒకసారి పరీక్ష రోజు బస్సు తప్పిపోయిన పిల్లకు, ఆ బండి పోయింది. పెట్రోలు డబ్బు ఎవరు ఇచ్చినా తీసుకునేవాళ్ళం కాదు, గాని బండి స్టార్టు కాకపోతే తోయడానికి మాత్రం అందరూ రావాలి. వచ్చేవాళ్ళు కూడా. ఎంతమంది తోసినారో లెక్క లేదు. ఈ సభలోనే తోసినవాళ్ళు ఉన్నారు, నవ్వుతున్నారు చూడండి. ఆ కారులో ఆసుపత్రికి పోయి పుట్టిన పిల్లలు కూడా ఇక్కడ ఉన్నారు.

నాయన ఇంకా తొమ్మిదేండ్లు బతికినాడు. 2005లో పోయినాడు. మరుసటి సంవత్సరం బండి ఇంజను పూర్తిగా పోయింది. రిపేరుకు అయ్యే ఖర్చు బండి ధర కంటే ఎక్కువ. పాత ఇనుముకు పోయింది. ఆ డబ్బు అమ్మ చేతిలో పెడితే, "గొలుసు కొనవద్దు, నూలు తెండి" అన్నది. 2014లో అంబాసిడరు తయారీ ఆగిపోయిందని, అదే సంవత్సరం మారుతి 800 కూడా నిలిచిపోయిందని పేపర్లో చదివినప్పుడు, మాకు తెలిసిన మనుషులు పోయినట్టు అనిపించింది.

ఇప్పుడు మా వీధిలో ఇంటింటికీ కారు ఉంది, కొన్ని ఇండ్లకు రెండు. పిల్లలు తిరుప్పూరులో, కోయంబత్తూరులో, ఇంకా దూరంగా పని చేస్తున్నారు. సంతోషం. కాదనము. గాని వీధిలో పడుగు సాచి ఎన్నాళ్ళైందో చెప్పండి. మన వీధి ఒక్కటే కాదు. 2009-10 చేనేత గణనలో దేశం మొత్తానికి 43 లక్షలకు పైగా ఉన్న నేత కార్మికులు 2019-20 గణన నాటికి 35 లక్షలకు తగ్గినారు. ఆ గణనే చెబుతున్నది, నేత కుటుంబాల్లో ఎక్కువ భాగానికి నెల రాబడి ఐదు వేల రూపాయల లోపే అని. అంటే మన వీధిలో కార్లు కనిపిస్తున్నాయని నేతవాళ్ళు బాగుపడినారని అనుకోకూడదు. కారు కొన్నవాళ్ళు ఎక్కువగా మగ్గం దిగినవాళ్ళు. మగ్గం మీద ఉన్నవాళ్ళు ఇంకా టీవీఎస్ మీదే ఉన్నారు.

నాయన చెప్పిన "కారు అన్నం తింటుంది" అనే మాట మేము మర్చిపోలేదు. కాబట్టి కారు కొనే తమ్ముళ్ళకు మాది ఒకటే మాట. నెల వాయిదా ఎంత, పెట్రోలు ఎంత, ఇన్సూరెన్సు ఎంత అని కాగితం మీద వేసుకుని, ఇంట్లో అమ్మకు, భార్యకు చూపించి కొనండి. పెండ్లిలో ముందర నిలబెట్టడానికి అప్పు చేసి కొనవద్దు. కొన్నాక, తాళం చెవి ఒక్క ఇంటికే చాలనుకోవద్దు.

సమాఖ్యకు కూడా ఒక విన్నపం. 108 వచ్చినా, రాత్రిపూట అది రావడానికి పట్టే సమయంలో మనిషి పోవచ్చు. వీధికి ఇద్దరు కారు ఉన్నవాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు రాసి, మన సంఘం గోడ మీద పెడదాము. ఖర్చు ఏమీ లేదు. ఒక కాగితం, ఒక మేకు. మొదటి పేరు మా ఇంటిదే రాసుకోండి.

ఇంకొకటి. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో జి.డి. నాయుడుగారి పేరు మీద కార్ల మ్యూజియం ఉంది. సెలవుల్లో పిల్లలను తీసుకుపోయి చూపించండి. అక్కడ దేశదేశాల కార్లు ఉన్నాయి. చూపించి వచ్చే దారిలో, పొల్లాచ్చి, పళని రోడ్డు మీదికి రాగానే చెప్పండి, పత్తిలో నష్టపోయిన మనిషి మళ్ళీ లేచి బస్సు తోలిన దారి ఇదేనని, మన తాతలు చీరల మూటతో నడిచినది కూడా ఈ దారేనని.

ఎదురింటి అత్త ఇప్పుడు లేదు. ఆమె పెద్ద కూతురు ఈ సభలోనే ఉంది, మగ్గం మానలేదు. పోయిన నెల ఆమె మనవరాలికి కాన్పు నొప్పులు వస్తే రాత్రి రెండు గంటలకు మా ఇంటి తలుపు తట్టింది. తాళం చెవి ఇంకా ఆ మేకుకే ఉంది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు.